పదిహేడో నంబరు సంచి

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్దికాలంలో నేను డేరాలో నడిచే ఒక ఆఫీసులో గుమాస్తాను. డేరా ఎండకు కాగేది, నేను ఫైళ్ళకు కాగేవాణ్ణి.

మా వీధి అంగడిలో అప్పు చాలా సులువు. ఖాతా ఉన్న ప్రతి ఇంటికీ అంగడాయన ఎర్రరంగుతో నంబరు వేసిన గుడ్డసంచి ఇచ్చేవాడు. ఆ సంచి ఎవరు తెచ్చినా సరుకు పోసి, ఆ నంబరు కింద రాసుకునేవాడు. మనిషిని చూసేది లేదు. మాది పదిహేడు.

ఒక నెల ఇరవయ్యో తేదీన బియ్యానికి వెళ్తే ఆయన శేరు ముట్టుకోలేదు.

"ముందు పాతది కట్టప్పా. ఇంత నెయ్యి తినేటోళ్ళకు అప్పు యాడ ఇయ్యగలను?"

పద్దులో నెయ్యి, శొంఠి, వాము, పాతబెల్లం, ఖర్జూరం ఉన్నాయి. మా ఇంట్లో నెయ్యి దీపానికే కనబడేది.

"ఇవి నేను తీసుకోలేదు."

"నీ సంచే వచ్చిందప్పా. సైకిలు మీద సన్నటాయప్ప. మీ తమ్ముడనుకుంటి."

నాకు తమ్ముళ్ళు లేరు. సైకిలున్నవాడు డేరాలో నా పక్క బల్ల గుమాస్తా. వానలో కాగితాలు తడవకూడదని సంచి ఇచ్చింది నేనే, దాని మహిమ వర్ణించిందీ నేనే. సంచి అతని చేతిలో పెట్టి, సంచితం నా నెత్తికెత్తుకున్నాను. అతను వారం కిందటే సంచి తిరిగిచ్చి, బదిలీ మీద కడప వెళ్ళిపోయాడు.

"ఇది మోసమప్పా," అన్నాను.

"చేసింది ఆయప్ప, సంచి ఇచ్చింది నువ్వు. నన్నేం చేయమంటావు?"

జీతానికి ఇంకా పదకొండు రోజులు. ఇంట్లో పిల్లలు ముగ్గురు. ఆ పూట జొన్నలతో గడిచింది.

మరునాడు వాదించడానికి నా భార్య వచ్చింది. నేను ఆమె వెనక నిలబడ్డాను; అది నాకు అలవాటైన చోటు. అంగడాయన పద్దు చదువుతుంటే శొంఠి దగ్గరే ఆమె గొంతు తగ్గింది.

"ఇవి బాలింత సరుకులు," అని నా వైపు తిరిగింది. "ఆయప్ప పెండ్లానికి నెలలు నిండినాయని నువ్వే చెప్తాంటివి గదా."

చెప్పాను. చెప్పి మరిచిపోయాను.

"నెలనెలా కొంచెం కడతామప్పా. ఈ పొద్దుకు బియ్యం కొలువు," అంది.

అంగడాయన పుస్తకం మూశాడు. "సగం కట్టండి చాలు. మనిషిని చూడకుండా పోసింది నేనే గదా," అని శేరు అందుకున్నాడు.

ఇంటికొచ్చి కడపకు గట్టిగా రాద్దామని కార్డు తీశాను. రెండు వాక్యాలకే ఓపిక అయిపోయింది. ఆమె తొంగిచూసి, "ఆడబిడ్డో మగబిడ్డో అడుగు ముందు," అంది.

అడిగాను. జవాబు రాలేదు. ఆ నెయ్యి అప్పు తీరడానికి ఐదు నెలలు పట్టింది. ఆఖరి రూపాయి కట్టి వస్తుంటే, బిడ్డ ఈపాటికి బోర్లా పడుతూ ఉంటుందని ఆమె అంది.