నర్సమ్మవ్వ తలుపు గంట

ఆఫీసు కిటికీ కింద నుంచి గొర్రెల మంద పోతుంటే ఏదో ఒకదాని మెడలో గంట బొంగురుగా మోగుతుంది. నా చేతిలో పని ఆగిపోతుంది. మహబూబ్‌నగర్‌లో మురుగునాలా ఒడ్డున ఉన్న బస్తీ, అందులో నర్సమ్మవ్వ గుడిసె గుర్తొస్తాయి. ఆమె తలుపుకు అలాంటి గంటే వేలాడేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో బస్తీల బాగు చూసే ఉద్యోగంలో చేరాను. మొదటిరోజే ఆడవాళ్లను కూర్చోబెట్టి శుభ్రత గురించి ఊదరగొట్టాను. అంతా విన్నాక నర్సమ్మవ్వ చెంబుతో నల్లా నీళ్లు తెచ్చింది. "ముందు గివి తాగు బిడ్డా, తర్వాత చెప్పు" అంది. మురుగు వాసన. తాగలేకపోయాను. కొత్త పైపు పడేదాకా ఆమె నన్ను వెంటేసుకుని మున్సిపాలిటీ చుట్టూ తిరిగింది. ఎవరి ముందైనా నోరు విప్పి అడగడం నాకు ఆమె దగ్గరే అబ్బింది.

వాళ్లది గొర్లకాపరుల ఇల్లు. కరువులో మంద అమ్ముకుని పట్నం చేరారు. ఒక వానాకాలం నాలా పొంగి, గుడిసెలో పడుకున్న కూతురు లక్ష్మిని లాక్కుపోయింది. పిల్ల శవాన్ని వెతికి తెచ్చి మట్టి చేశారు. అయినా అవ్వ ఆనాటి నుంచి తలుపుకు గడియ పెట్టలేదు. అన్నం తింటూ తింటూ పక్కకు జరిగి, ఎవరో వచ్చినట్టు జాగా ఇచ్చేది.

ఏళ్ల తర్వాత బస్తీవాళ్లకు ఊరి చివర పక్కా ఇళ్లు వచ్చాయి. అందరూ మూటలు కట్టుకుని వెళ్లిపోయారు. నర్సమ్మవ్వ మాత్రం కదల్లేదు. తెల్లారితే గుడిసెలు కూల్చే యంత్రం వస్తుంది. ఆలోగా వెళ్లకపోతే ఆమెకు ఇచ్చిన కొత్త ఇల్లు ఇంకొకరికి పోతుంది. పైన మబ్బు పట్టింది. ఈసారి నాలా ఈమెనే తీసుకుపోతుందని నా భయం. బతిమాలాను, కసురుకున్నాను కూడా.

"మా బాపు మంద లేపినప్పుడు ఎనుకవడ్డదాన్ని పేరువెట్టి పిలిచేటోడు. గంట ఇనవడేదాక అడుగెయ్యకపోతుండె" అంది అవ్వ. "పొద్దుగాల నుంచి లక్ష్మిని పిలుస్తున్న, పలుకుతలేదు. ఆ దినం కొట్టి పండవెట్టిన, నా మీద అలిగింది. జర నువ్వు పిలువు బిడ్డా."

పిచ్చిపని అనుకుంటూనే వాకిట్లో నిలబడ్డాను. తలుపు బార్లా తెరిచి ఉంది. ఆకు కదలడం లేదు. "లక్ష్మీ, మీ అమ్మ పోతాంది, రా బిడ్డా" అన్నాను.

గంట మోగింది. ఒక్కసారే, బొంగురుగా.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అవ్వ మాత్రం వింతేమీ జరగనట్టు గంట విప్పి కొంగున ముడేసుకుంది. ఆటోలో తన పక్కన కొంచెం జాగా వదిలి కూర్చుంది. ఎంత ఇరుకైనా నేను ఆ జాగాలోకి జరగలేదు.

కొత్త ఇంట్లో ఆమె గడియ పెట్టుకుని పడుకుందట. కొన్నేళ్లకు ఆ ఇంట్లోనే, నిద్రలో పోయింది. గంట నాకు ఇవ్వమని పక్కింటివాళ్లకు చెప్పి ఉంచింది.

ఇప్పుడు ఏ బస్తీ ఖాళీ చేయించినా, జనం అక్కడ పోయిన తమ వాళ్లను పిలుచుకునేదాకా యంత్రాన్ని ఆపిస్తాను. ఆలస్యమని పైవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మొన్న కిరాయి ఇల్లు మారాను. సామాను వెళ్లిపోయాక ఖాళీ గదిలో నిలబడి, గంట నాలుకను వేళ్లతో గట్టిగా పట్టుకుని, "అవ్వా, పోదాం రా" అన్నాను. వేళ్ల మధ్య నాలుక కదిలింది.

ఆటోలో పక్కన ఇద్దరికి జాగా వదిలి కూర్చున్నాను.