మార్తమ్మ పాటను వన్ టౌన్‌కు తీసుకెళ్లిన రోజు

ముందుగా మన్నించండి. నా చేతిరాత కోడి గెలికినట్టుంటుంది. ఊరి బడిలో చదివిన నాలుగు ముక్కలే నా చదువు. మా మనవరాలు దీన్ని కూడబలుక్కుని కంప్యూటర్లోకి ఎక్కిస్తోంది. తప్పులుంటే నావే, ఆ పిల్లవి కావు.

మాది కంకిపాడు దగ్గర పల్లె. నాట్లు మొదలయ్యే ముందు ఆదివారం మా చర్చిలో ఒక కీర్తన పాడేవాళ్లం. నా భార్య మార్తమ్మ ఎత్తుకునేది, మిగతావాళ్లం అందుకునేవాళ్లం. ఆమె పోయాక ఎత్తుకునేవాళ్లు లేరు. ఇప్పుడు కీబోర్డు, మైకు వచ్చాయి. ముందున్న నలుగురు పాడతారు, మేము చేతులు కట్టుకుని వింటాం. కీర్తన మాటలు పుస్తకంలో ఉన్నాయి గానీ మా ఊరి రాగం ఏ పుస్తకంలోనూ లేదు. మా తరంతోనే పోతుందేమోనని దిగులు పట్టుకుంది. అందరిచేతా కలిసి పాడించే కీర్తనల సంఘం ఒకటి విజయవాడ వన్ టౌన్‌లో ఉందని, రెండో శనివారం పాత రాగాలు తెలిసినవాళ్లను రమ్మంటారని పాస్టరుగారు చెప్పారు. నలుగురిలో నోరు విప్పేవాణ్ని కాదు. అయినా బయల్దేరాను.

పొద్దున ఏడింటికి కంకిపాడులో బస్సెక్కితే ఎనిమిది దాటేసరికి బస్టాండులో దిగాను. అక్కడి నుంచి వన్ టౌన్‌కు ఆటో ఇరవై రూపాయలన్నాడు. డ్రైవరు మస్తాన్ మాటకారి, పాటల సంఘానికి వెళ్తున్నానని నా నోటే చెప్పించాడు.

"కచేరీ మీదేనా తాతగారూ?"

"కాదు బాబూ. అసలు గొంతు లేస్తుందో లేదో."

"గట్టిగా పాడేయండి. మా వన్ టౌన్లో మెల్లగా మాట్లాడితే బేరం కూడా తెగదు!"

తోపుడు బళ్లు అడ్డమొచ్చి సందు మొదట్లోనే దించేశాడు.

బట్టల గోడౌను మీద మేడ. మైకు లేదు, కీబోర్డు లేదు. బల్లలు గుండ్రంగా వేసి ఉన్నాయి. సంఘం నడిపే రత్నకుమారిగారు పద్ధతి చెప్పారు. పాట తెచ్చినవాళ్లు ఎత్తుకోవాలి, అందరూ ఒక్కో వరుస తిరిగి పాడాలి. "ఇక్కడ ఊరికే వినేవాళ్లు ఉండరండీ" అన్నారు నవ్వుతూ.

నా వంతు వచ్చింది. కళ్లు మూసుకుని, మార్తమ్మ నోట విన్నది విన్నట్టే ఎత్తుకున్నాను. రెండో వరుసకే గొంతు చీలిపోయింది. నా వెనక తిరిగి పాడుతున్న మగవాళ్లు కూడా ఆగిపోయారు.

"బాబాయిగారూ, ఆ శ్రుతి అందాలంటే నిచ్చెన వెయ్యాలండీ!" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. నేను కండువా భుజాన వేసుకుని లేచాను.

"కూర్చోండి" అన్నారు రత్నకుమారిగారు. "మీ ఊళ్లో ఇది ఎవరు ఎత్తుకునేవారు?"

"మా ఆవిడండీ."

"అదీ సంగతి! ఆవిడ శ్రుతిలోనే తెచ్చారు. దించొద్దు. ఆడవాళ్లు ఎత్తుకుంటారు, మీరు ఎప్పట్లాగే అందుకోండి."

కొండపల్లిలో బొమ్మలకు రంగులేసే కరుణమ్మ ఎత్తుకుంది. బాగానే పాడింది గానీ వరుస చివర తిన్నగా దించేసింది.

"అలా కాదమ్మా, అక్కడ ఒకసారి పైకి లేచి దిగాలి" అన్నాను. అన్నది నేనేనా అనిపించింది.

"మరి చెప్పరేం బాబాయ్! ఏదీ, అనండి."

ఆ ఒక్క ముక్క పాడి చూపించాను. ఆమె రెండుసార్లు అనుకుని పట్టేసింది. తరువాత ఆడవాళ్లంతా ఎత్తుకున్నారు. రెండో వరుస నా మామూలు గొంతుతో అందుకున్నాను. హాలంతా నాతో అందుకుంది.

మధ్యాహ్నం సాంబారన్నం తింటుంటే కరుణమ్మ పక్కకొచ్చి కూర్చుంది. "నాట్ల ఆదివారం మీ ఊరొచ్చి మీ ఆడవాళ్లకు నేర్పుతాను. కూరేంటి మరి?"

"కొర్రమీను పులుసు."

"అయితే మా ఆయన్నీ తెస్తా, ఇద్దరం వస్తాం" అంది.

సాయంత్రం బస్సులో కాలువ పక్కగా వెళ్తూ ఆలోచించాను. ఎత్తుకోవడం చేతకాదు కాబట్టి ఆ పాట నా దగ్గర లేనట్టేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. అందుకునేవాడి దగ్గర కూడా పాట ఉంటుందని ఆ మేడ మీద తెలిసింది. మార్తమ్మ గొంతు తిరిగి రాదు. దాని తరువాత వచ్చే వరుస మాత్రం నా దగ్గర భద్రంగానే ఉంది.

ఆ సంఘానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. మీ ఊరి పాటను ఆడవాళ్లు ఎత్తుకునేవాళ్లయితే ఒక ఆడమనిషిని వెంట తీసుకెళ్లండి, నాలా నిచ్చెన వెతుక్కోనక్కర్లేదు. మీ ఊళ్లో పాట ఎత్తుకునేది ఎవరు? నాట్లు మొదలయ్యేలోపే జవాబు రాయండి. ఆ ఆదివారం మా వాళ్లకు చదివి వినిపిస్తాను.