నేనింకా చదవని పేజీ

దెయ్యాన్ని చూశామని ఎవరన్నా చెబితే, దాని ఆధార్ కార్డు చూశారా అని అడిగే రకం నేను. నెల్లూరులో డిగ్రీ చదువుకుని, విడవలూరు దగ్గర చేపలు పట్టే ఇంటికి కోడలిగా వచ్చాను. ఇక్కడ సముద్రం గురించి చెప్పే వింతలన్నీ ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసేదాన్ని. ఇప్పుడు కూడా దెయ్యాలున్నాయని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కాలేజీ స్నేహితురాలు ఒక ఇంగ్లీషు నవల ఇచ్చింది. డ్రాగన్ల మీద ఎగిరే యోధులు, మధ్యలో బోలెడంత ప్రేమ. ఈమధ్య ఏ ఆడపిల్ల చేతిలో చూసినా ఇలాంటి పుస్తకమే. మధ్యాహ్నాలు మా అత్త వరండాలో వల బాగుచేస్తుంటే పక్కన కూర్చుని చదువుకునేదాన్ని. ఆమెకు అక్షరాలు రావు. ఏముంది అందులో అని అడిగితే తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

ఇక నన్ను వదల్లేదు. డ్రాగన్‌ని రెక్కల పాము అంటుంది. "అంత పెద్దదానికి మేత ఎవురు పెడతారమ్మా?" "వానకి దాని నిప్పు ఆరిపోదా?" అని ఆరా తీసేది. ముద్దుల పేజీలు నేను దాటేస్తే, "ఏందో మింగేస్తుండావే" అని పట్టేసేది.

ఒకనాడు కథ ఒకచోట ఆగింది. హీరో డ్రాగన్ ఎక్కి తుఫానులోకి వెళ్ళాడు, హీరోయిన్ కోట గోడ మీద నిలబడి ఎదురుచూస్తోంది. నేను చదివింది కూడా అంతవరకే. ఆ పేజీలో బస్సు టికెట్ పెట్టి మూసేశాను.

మర్నాడు తెల్లవారకముందే మా ఆయన చేపల వేటకు వెళ్ళాడు. తోడు వెళ్ళే మనిషికి జ్వరం వస్తే, వద్దన్నా వినకుండా ఒక్కడే వెళ్ళాడు. పొద్దెక్కేసరికి మిగతా పడవలన్నీ వచ్చేశాయి. ఈయన రాలేదు. ఫోను కలవడం లేదు. గాలి పెరుగుతోంది. కొందరు పడవలేసుకుని వెతకడానికి పోయారు. నేను ఒడ్డుకీ ఇంటికీ తిరుగుతున్నాను. మా అత్త మాత్రం ఎప్పటిలా వల ముందు కూర్చుంది.

"కూర్చోమ్మా," అంది. "ఆ రెక్కల పాము ఒంటిగానే గదా వచ్చింది, ఎడం రెక్క చినిగి. మనిషి తర్వాత వచ్చినాడు, దక్షిణం నుంచి నడుచుకుంటా."

నేనెప్పుడూ అలా చెప్పలేదన్నాను.

"నిన్న నువ్వే గదా చెప్పినావు."

భయంతో ఏదో మాట్లాడుతోందనుకున్నాను. అయినా పుస్తకం తీశాను. టికెట్ పెట్టినచోటే ఉంది. పేజీ తిప్పితే, డ్రాగన్ ఒంటరిగా కోటకు తిరిగొచ్చింది. ఎడమ రెక్క చినిగిపోయింది. మా ఇంట్లో ఇంగ్లీషు చదివేది నేనొక్కదాన్నే. ఆమెది బటన్ ఫోను.

అంతలో ఒడ్డున కేకలు వినబడి పరుగెత్తాను. మా పడవ కొట్టుకొచ్చింది. ఎడమ పక్క అంచు పగిలి ఉంది. అందులో ఎవరూ లేరు.

వెనక్కి వచ్చి పుస్తకం మళ్ళీ పట్టుకున్నాను. పిచ్చి అనండి, ఏమైనా అనండి, మా ఆయన సంగతి అందులోనే తేలుతుందనిపించింది. నిలబడే చివరిదాకా చదివాను. పుస్తకంలో హీరో తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆ మాట అత్తకు చెప్పలేదు. ఆమె వాకిట్లో నిలబడి, సముద్రం వైపు కాకుండా దక్షిణం వైపు చూస్తోంది.

పొద్దు వాలేటప్పుడు ఆయన అటునుంచే వచ్చాడు, ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ. అల కొడితే నీళ్ళలో పడి, ఖాళీ డీజిల్ క్యాను పట్టుకుని తేలాడట. ఎక్కడో ఒడ్డు తగిలితే అక్కడినుంచి నడిచాడట. నేను అందరి ముందే ఆయన్ని పట్టుకుని ఏడ్చాను. అత్త లోపలికి పోయి పొయ్యి మీద అన్నం పెట్టింది.

తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆమెది ఒకటే మాట, నువ్వే చెప్పినావని. పోనీ నాకు తెలియకుండానే చదివి చెప్పాననుకున్నా, మనిషి నడిచి రావడం ఆ పుస్తకంలో లేనే లేదు. ఎటునుంచి ఆలోచించినా నాకు అంతు చిక్కడం లేదు.

కథ చివరికి ఏమైందని అత్త అడిగితే, నువ్వన్నట్టే తిరిగొచ్చాడని అబద్ధం చెప్పాను. పుస్తకం స్నేహితురాలికి ఇచ్చేశాను. మా ఆయన ఇప్పటికీ వేటకు వెళ్తున్నాడు. కాస్త ఆలస్యమైతే చాలు, వల దగ్గర కూర్చున్న అత్తను, తర్వాత కథేమిటని అడగాలని నోటిదాకా వస్తుంది. అడగను. ఏం చెబుతుందోనని భయం.