అన్న జేబులో తమ్ముడి తాళంచెవి

2018 వేసవి. మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ఇన్‌స్ట్రక్టరుగా పనిచేస్తున్నాను. అంతకుముందు చాలా ఏళ్లు ఫిట్టర్‌గా చేసినవాణ్ణి కాబట్టి, యంత్రం మనిషిని పట్టుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏటా షట్‌డౌన్ వస్తుంది, అంటే ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే రోజులు. అప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కాంట్రాక్టు కూలీలు వస్తారు. వాళ్లను గేటు లోపలికి పంపేముందు శిక్షణ ఇవ్వడం నా పని. శిక్షణంటే పైవాళ్ల దృష్టిలో ఒక వీడియో, ఒక పరీక్ష, ఒక సంతకం. హెల్మెట్ పెట్టుకోవడం నేర్పాలన్నా అదే వీడియో, మనిషి ప్రాణం కాపాడే పని నేర్పాలన్నా అదే వీడియో. నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు వచ్చినవాళ్లలో సైదులు, లింగయ్య అన్నదమ్ములు. గొర్రెలు పెంచుకునే కుటుంబం. సైదులు నడివయసు మనిషి, ముఠాకు మేస్త్రీ. లింగయ్య అతనికన్నా బాగా చిన్న. తండ్రి పోయాక అన్నే పెంచి పెళ్లి చేశాడు. ఓ బిడ్డకు తండ్రయినా అన్న ముందు తలెత్తి మాట్లాడేవాడు కాదు.

వాళ్లకు లాకౌట్ నేర్పాను. యంత్రంలోకి దిగే ప్రతి మనిషీ దాని కరెంటు స్విచ్చికి తన సొంత తాళం వేసి, చెవి తన దగ్గరే ఉంచుకోవాలి. అందరి తాళాలూ తీస్తే తప్ప స్విచ్చి పడదు. అన్నదమ్ములిద్దరూ అడిగినవన్నీ గడగడా అప్పజెప్పారు. తాళాలు వేసి చూపమంటే తప్పు లేకుండా వేశారు. ఇద్దరికీ గేటుపాసులు వచ్చాయి.

కొద్ది రోజులకే సున్నపురాయి మోసే బెల్టు దగ్గర అరుపులు వినబడి పరుగెత్తాను. ట్రయల్ కోసం బెల్టు కదిలించారు. లింగయ్య ఇంకా చ్యూట్‌లో, అంటే పైనుంచి రాయి బెల్టు మీదకు జారే ఇనుప గొట్టంలో ఉన్నాడు. పక్కన పనిచేస్తున్న ఒకతను పుల్‌కార్డ్, అంటే ప్రమాదంలో బెల్టును ఆపే తాడు, లాగాడు కాబట్టి బెల్టు ఆగింది. ఆ తాడు లాగకపోతే నేనీ సంగతి ఇలా రాసేవాణ్ణి కాదు. లింగయ్య భుజం ఎముక విరిగింది. అన్నదమ్ముల రెండు తాళాలూ తీసి ఉన్నాయి, రెండు చెవులూ సైదులు జేబులో ఉన్నాయి.

హుజూర్‌నగర్ దవాఖాన వరండాలో సైదులును అడిగాను. "తమ్ముని చెవి నీ దగ్గరెందుకున్నది?"

"ఇంట్ల బీరువ చెవి గూడ నా దగ్గర్నే ఉంటది సార్. పొద్దుమూకితే గొర్ల దొడ్డికి తడక పెట్టేది నేనే. మందంత లోపటికొచ్చిందో లేదో సూసేటోడు ఒక్కడే ఉండాలె. అందరు సూస్తే లెక్క తప్పుతది."

"ఇయ్యాల తప్పింది గద?"

"పిలిచిన సార్, సప్పుడు రాలే. లోపట మనిషుంటే పలుకుతడనుకున్న," అన్నాడతను.

మరుసటి ఏటికి లింగయ్య భుజం కుదుటపడింది, కాంట్రాక్టరు మళ్లీ వాళ్లనే పిలిచాడు. వీడియో రెండుసార్లు చూపించి పంపమని మా ఆఫీసరు ఆదేశం. రెండుసార్లు చూస్తే లింగయ్య రెండుసార్లు అప్పజెబుతాడు, అన్న కళ్లతో అడిగితే చాలు చెవి ఇచ్చేస్తాడు. మళ్లీ దిగేది అదే చ్యూట్‌లోకి. మనిషిని చేతులారా చావుకు పంపలేనని చెప్పి, వాళ్లను శిక్షణ షెడ్డుకు తీసుకెళ్లాను.

అక్కడ కరెంటు లేని పాత బెల్టు, చ్యూట్ ఉన్నాయి. సైదులును బయట నిలబెట్టి, లింగయ్యను చ్యూట్‌లోకి పంపాను. షట్‌డౌన్ పనుల్లో ఉండే మోత రావాలని పక్కనున్న పాత కంప్రెసర్ వేశాను. "నీ తమ్ముడు బయటికొచ్చిండో లేదో పిలిచి తెలుసుకో. వచ్చిండనిపిస్తే బెల్టు బటన్ నొక్కు," అన్నాను.

సైదులు గొంతెత్తి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. చెవి ఒగ్గి విన్నాడు. అవతలి వైపు నుంచి వచ్చేశాడనుకుని బటన్ నొక్కాడు. నేను కంప్రెసర్ ఆపేశాను. చ్యూట్‌లోంచి లింగయ్య గొంతు వినిపించింది. "ఈడనే ఉన్న అన్నా, ఈడనే ఉన్న."

సైదులు పోయి చ్యూట్‌లోకి తొంగిచూశాడు. "గా దినం గూడ పలికినవారా?"

"పలికిన అన్నా."

సైదులుకు ఇక ఒక్క మాట కూడా చెప్పనవసరం లేకపోయింది.

అసలు కష్టం లింగయ్యతో వచ్చింది. చెవి ఎందుకు ఇవ్వకూడదో వాడికి మొదటినుంచీ తెలుసు. అన్న అడిగితే ఇవ్వనని చెప్పడం మాత్రం నోటికి రాదు. నేనడిగితే నవ్వుతూ ఇవ్వనన్నాడు. సైదులు చేయి చాపగానే తల దించుకుని జేబులోంచి తీశాడు. అప్పుడు సైదులే పట్టుపట్టాడు. మెల్లగా అడిగాడు, కోపంగా అడిగాడు, తిట్టి అడిగాడు. ఇచ్చిన ప్రతిసారీ చెవి తిరిగి వాడి చేతిలో పెట్టి మళ్లీ అడిగాడు. ఆ పూటంతా అదే పాఠం. లింగయ్య కళ్లలో నీళ్లు తిరుగుతుండగా "ఇయ్య అన్నా" అన్నాడు, గొణుగుతున్నట్టు. "గట్టిగనురా," అన్నాడు సైదులు.

ఆ షట్‌డౌన్‌లోనే ఒకరోజు ట్రయల్ ఆలస్యమవుతోందని షిఫ్ట్ ఇంజనీరు కేకలేస్తున్నాడు. ఆ తొందరలో పాత అలవాటుకొద్దీ సైదులు చేయి చాపాడు. "చెవి తేరా, లేటైతాంది."

"ఇయ్య అన్నా. లోపట సూసొచ్చి నేనే తీస్త."

"ఏందయ్యా, నీ తమ్ముడు నీ మాటే ఇంటలేడా?" అన్నాడు ఇంజనీరు. సైదులు చాపిన చేయి వెనక్కి తీసుకున్నాడు. "గది ఆని తాళం సార్. ఆడే తీస్తడు," అన్నాడు. లింగయ్య తీరిగ్గా చూసి వచ్చేదాకా అందరూ ఆగారు.

సాయంత్రం గేటు దగ్గర సైదులు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "పుట్టినకాడికెల్లి నా మాట కాదనలే సార్. ఇయ్యాల నలుగుట్ల కాదన్నడు. జర పానం కలుక్కుమన్నది." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "గానీ కాదననీకి మనిషున్నడు గద. నాకు గదే సాలు."

పనిముట్ల పేర్లయితే పదిసార్లు పలికిస్తే వస్తాయి. తాళం వేసే వరుస చేతితో చేయిస్తే వస్తుంది. ఎందుకు వేయాలో ఎవరికి వారు కళ్లారా చూసి తెలుసుకోవాలి. పెద్దవాళ్లకు ఎదురుచెప్పడం నేర్పాలంటే మాత్రం ఆ పెద్దమనిషినే ఎదురుగా నిలబెట్టి, అతని చేతే అడిగించాలి. ఇది నాకు ఏ కోర్సులోనూ ఎవరూ చెప్పలేదు, ఆ అన్నదమ్ములు నేర్పారు.