కాకులకు నా ముఖం తెలుసు

ఒక మనిషి మీద కాకులు పగబట్టడం మీరు చూసి ఉండరు. నేనూ చూడలేదు, ఆ మనిషి నేనే అయ్యేదాకా. దాని మూలంగా మా నాన్న ఏడాది మాసికం నాడు వంటంతా చల్లారిపోయింది, అత్త నాకు పెళ్లి కుదిర్చినంత పని చేసింది, తమ్ముడి గుట్టు బయటపడింది, అమ్మ ఏడ్చింది. ఇంతటికీ కారణం నేను ఆస్ట్రేలియా నుంచి తెచ్చుకున్న ఒక తెలివి. అందరిలా చాక్లెట్లు తెచ్చుకుని ఊరుకోవలసింది.

లైబ్రరీ కోర్సు చదవడానికి బ్రిస్బేన్ వెళ్తున్నానంటే మా తార్నాకలో తెలిసినవాళ్లందరూ నన్ను పాములతోనూ సాలీళ్లతోనూ భయపెట్టారు. రెండేళ్లలో నాకు ఒక్క పాము కనపడలేదు. అక్కడివాళ్లు నిజంగా భయపడేది ఒక పిట్టకు. మ్యాగ్‌పై అంటారు. కాకి అంత ఉంటుంది, నలుపు మీద తెలుపు. మనకు వినాయక చవితి వచ్చే రోజుల్లో వాళ్లకు వసంతం. అప్పుడు గూట్లో పిల్లలుంటాయి. దారిన పోయేవాళ్ల వెనక నుంచి వచ్చి నెత్తిన కొట్టి పోతుంది. పార్కుల్లో జాగ్రత్త అని బోర్డులు పెడతారు. చిన్నపిల్లలు ఐస్‌క్రీమ్ డబ్బా నెత్తిన బోర్లించుకుని, దాని మీద వెనకవైపు రెండు కళ్లు గీయించుకుని బడికి పోతారు. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు సైకిల్ హెల్మెట్ నిండా వైర్లు కట్టే ప్లాస్టిక్ టైలు బిగించి, అవి ముళ్లలా నిక్కబొడుచుకుని ఉండగా, ముఖం మామూలుగా పెట్టుకుని క్లాసుకు వస్తారు. ఎవరూ నవ్వరు. మనం వానల గురించి అడిగినట్టు, 'మీ వీధిలో పిట్ట ఎట్లా ఉంది?' అని అడుగుతారు.

నా హెల్మెట్‌కు ఆ ముళ్లు కట్టింది నేను అద్దెకున్న ఇంటి ఓనరు గ్లెండా. పెద్దావిడ. కట్టి, దూరంగా నిలబడి చూసి, "ఇప్పుడు నువ్వు ఈ ఊరి మనిషివి" అంది. నాకు గర్వంగా అనిపించింది. ఆ గర్వమే కొంప ముంచింది.

నాన్నకు ఒంట్లో బాగాలేదని తెలిసి తిరిగి వచ్చాను. ఆయన పోయాక ఇక్కడే ఉండిపోయాను. యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం దొరికింది. ఇంటి నుంచి సైకిల్ మీద పోయేంత దగ్గర. మా గల్లీ క్యాంపస్ గోడను ఆనుకునే ఉంటుంది. ఆస్ట్రేలియా అలవాట్లు ఒక్కటొక్కటే వదిలిపోతున్నాయి. బస్సు దిగుతూ డ్రైవర్‌కు థ్యాంక్స్ చెప్పడం మొదటి వారంలోనే మానేశాను. చెబితే ఆయన ఇంజన్ ఆపేసి, "ఏమైంది మేడం, ఏమన్న మర్చిపోయిన్రా?" అని వెనక్కి తిరిగాడు. బస్సంతా తిరిగింది.

వదిలిపోని తెలివి ఒకటి మిగిలి ఉందని ఎండాకాలంలో తెలిసింది. లైబ్రరీ ముందరి వేపచెట్టు మీద కాకి గూడు పెట్టింది. ఒక పొద్దున నా నెత్తిన టక్కున కొట్టింది.

సెక్యూరిటీ యాదగిరి కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. "గూడున్నది మేడం. పిల్లలు ఎగిరేదాంక ఎనక గేటు నుంచి రాండ్రి."

"ఎన్ని రోజులు?"

"కాకినడగాలె."

ఇక్కడ మీరు అడగవచ్చు, వెనక గేటు నుంచి పోతే ఏం పోయేదని. ఏమీ పోయేది కాదు. కానీ నేను పిట్టల విషయంలో విదేశాల్లో తర్ఫీదు పొందిన మనిషిని. సాయంత్రం నేరుగా తార్నాక మెయిన్ రోడ్డు మీది ఎలక్ట్రికల్ షాపుకు పోయి ప్లాస్టిక్ టైలు అడిగాను.

"ఏంటికి మేడం? వైరింగ్ చేపిస్తున్నరా?"

"హెల్మెట్‌కు."

"హెల్మెట్ పగిలిందా?"

"లేదు. కాకులు కొడుతున్నయ్."

అతను ప్యాకెట్ నా చేతిలో పెట్టి, లోపల ఉన్న భార్యను బయటికి పిలిచాడు. నన్ను చూడడానికి.

ఇంటికి వచ్చి ముళ్లు బిగించాను. వెనకవైపు తెల్లరంగుతో రెండు పెద్ద కళ్లు వేశాను. కనుగుడ్లు నల్లగా దిద్దాను. పెట్టుకుని హాల్లోకి వస్తే మా తమ్ముడు నవీన్ ఫోన్ పక్కన పెట్టాడు. వాడు ఫోన్ పక్కన పెట్టడం మామూలు విషయం కాదు.

"అక్కా, ముందు నుంచి ముండ్ల రంబుటాన్ పండు లెక్క ఉన్నవ్. ఎనక నుంచి దిష్టిబొమ్మ లెక్క ఉన్నవ్. సైడ్ నుంచి చూడబుద్ధి అయితలేదు."

"ఆస్ట్రేలియాల ప్రొఫెసర్లు పెట్టుకుంటరు."

"ఆ దేశం పోవుడు క్యాన్సిల్ చేసుకుంటున్న."

మర్నాడు ఆ అవతారంతో వేపచెట్టు కింద నుంచి పోయాను. కాకి నన్ను చూసి ఒక్క క్షణం నోరు మూసుకుంది. గెలిచాననుకున్నాను. అది ఊపిరి పీల్చుకుంటున్నదని తర్వాత తెలిసింది. మ్యాగ్‌పై గొడవ మ్యాగ్‌పైదే, పక్కదాన్ని పిలవదు. కాకి అట్లా కాదు. అది అరిచిన అరుపుకు క్యాంటీన్ కాకులు, హాస్టల్ కాకులు, నీళ్ల ట్యాంకు మీది కాకులు అన్నీ వచ్చాయి. మామూలు మనిషిగా పోయిన రోజు ఒక్క కాకి కొట్టింది. ముళ్లూ, వెనక కళ్లూ ఉన్న కొత్త జంతువు క్యాంపస్‌లోకి దిగిందనేసరికి జాతి మొత్తం కదిలింది. నేను సైకిల్ పడేసి లైబ్రరీ మెట్లెక్కాను. స్టూడెంట్లు మెట్ల మీద నిలబడి వీడియో తీస్తున్నారు. ఒకమ్మాయి మర్యాదగానే అడిగింది. "మేడం, ఇంకొక్కసారి చెట్టు దాంక పోయొస్తరా? మొదలు మిస్సయింది."

నేను హెల్మెట్ తీసి, చెమట తుడుచుకుని, తలెత్తి ఆ కాకులన్నిటినీ కోపంగా చూశాను. హెల్మెట్ కంటే పెద్ద తప్పు అదే. వాటికి ముఖం చూపించాను.

ఆ తర్వాత హెల్మెట్ ఉన్నా లేకున్నా ఒకటే. వెనక గేటు నుంచి పోయినా కాకులు అక్కడికే వచ్చేవి. గోడ దాటి మా గల్లీ దాకా సాగనంపేవి. నేను మిద్దె మీద బట్టలు ఆరేయడం మానేశాను. కూరగాయలకు గొడుగు పట్టుకుని పోయేదాన్ని. యాదగిరి మాత్రం రోజూ ఒకే మాట. "నేను మొదలే చెప్పిన మేడం."

ఇట్లా ఉండగా నాన్న ఏడాది మాసికం వచ్చింది.

నాన్న గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన పరీక్షల విభాగంలో క్లర్కుగా పనిచేసి రిటైరయ్యాడు. నాకు చిన్నప్పటి నుంచీ పుస్తకం చూస్తూ అన్నం తినే అలవాటు. నాన్న చెయ్యి కడుక్కుని వెనక నుంచి వచ్చి, నా నడినెత్తిన వేలి కణుపుతో ఒక్కటి మొట్టి, ఆ తర్వాతే పీట మీద కూర్చునేవాడు. ఏమీ అనేవాడు కాదు. నేను పుస్తకం మూసేదాన్ని. బడి పిల్లగా ఉన్నప్పుడూ అంతే, బ్రిస్బేన్ నుంచి వచ్చాకా అంతే.

రెండో మాట చాయ్ గురించి. ఆఖరి రోజుల్లో ఆయన చక్కెర వేసిన చాయ్ అడిగాడు. షుగర్ ఉంది, డాక్టర్ వద్దన్నాడు. "సాసర్ల ఇంత పొయ్, చాలు" అన్నాడు. "మంచిగైనంక తాగుదువులే" అంది అమ్మ. ఆయన మంచిగ కాలేదు. అమ్మ ఆ మాటను ఏడాదిగా లోపల పెట్టుకుని తిరుగుతోంది.

మా వైపు మాసికం నాడు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడాలి. కాకి ముడితే ఆయన తిన్నట్టు. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. ముట్టకపోతే ఆయన మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అమ్మ ఆరోజు పొద్దున్నే అల్లం దంచి, చక్కెర ఎక్కువే వేసి చాయ్ పెట్టింది. నాన్న సాసర్‌లోనే పోసింది. ఆ చాయ్ కాకి ముడుతుందా లేదా అన్నది ఒక్కటే ఆమెకు కావాలి. నాకా సంగతి తెలుసు. కాకుల సంగతీ తెలుసు.

నాన్నకు అక్క లచ్చమ్మత్త జనగామ దగ్గరి ఊరి నుంచి వచ్చింది. మిద్దె మీద పిట్టగోడ మీద విస్తరి పెట్టారు. బగారన్నం, మటన్, సర్వపిండి, పక్కన సాసర్. మేం నలుగురం మెట్ల గది దగ్గర నిలబడ్డాం. కాకులు వచ్చాయి. పక్కింటి ట్యాంకు మీద వాలాయి. విస్తరిని చూశాయి. నన్ను చూశాయి. గొంతులు చించుకుని అరిచాయి. ఒక్కటీ దిగలేదు.

"రా తమ్మీ" అంది అత్త ట్యాంకు వైపు చేతులు చాపి. "ఏం మిగిలింది నీకు? బిడ్డ పెండ్లి చూడలేదనా?"

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"చేసుకుంటనని అను" అంది అత్త.

"అత్తా, అది కాదు..."

"ఆకలైతున్నదక్కా, అనరాదు" అన్నాడు నవీన్.

"చేసుకుంట" అన్నాను.

కాకులు ఇంకా గట్టిగా అరిచాయి.

"మనసుల నుంచి అనలే" అని అత్త తేల్చేసి, వాడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. ఏం మానేస్తవ్?"

ఆకలి మనిషిని ఎంతకైనా తెస్తుంది. "సిగరెట్ మానేస్త" అన్నాడు వాడు.

అమ్మ ఉలిక్కిపడింది. "నువ్వు సిగరెట్ తాగుతున్నవారా?"

"జనరల్‌గ అన్న అమ్మా."

"జనరల్‌గ ఎట్ల తాగుతరు?"

కాకులు దిగలేదు. మటన్ మీద కొవ్వు పేరుకుంటోంది. చాయ్ మీద మీగడ కట్టింది. అమ్మ దాన్నే చూస్తోంది. చూసి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను ఇయ్యలే వదినా. సాసరెడు అడిగిండు. నేనే ఇయ్యలే. గా కోపం పోలేదు ఆయనకు."

ఇక ఆగలేకపోయాను. "అమ్మా, నాన్నకు కోపం లేదు. కోపం కాకులకు. నా మీద."

అత్త నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "కాకులకు నువ్వెట్ల ఎరుక?"

నవీన్ ఫోన్ తీసి వీడియో చూపించాడు. నేనెరగను గానీ అది క్యాంపస్ అంతా తిరుగుతోందట. అత్త ఫోన్ దూరం పెట్టుకుని చూసింది.

"ఇదేంది, నెత్తి మీద ముండ్లు?"

"ఆస్ట్రేలియాల పెట్టుకుంటరత్తా. పిట్టలు దగ్గరికి రాకుండ."

"పిట్టను పిలిచి బువ్వ పెట్టే ఇంట్ల పుట్టి, పిట్ట రాకుండ చేసే చదువు చదివొచ్చినవా? గంత దూరం పోయి?" అంది అత్త. "కిందికి నడువ్."

దిగి గల్లీలో నిలబడ్డాను. కాసేపటికి పైనుంచి నవీన్ కేక. "అక్కా! అవి కూడ నీ ఎంబడే దిగినయ్! ఇక్కడ ఒక్కటి లేదు, పైకి రా!"

నిజమే. కరెంటు తీగ నిండా కూర్చుని నన్నే తిడుతున్నాయి. మళ్లీ పైకి పోయాను. అవీ పైకి వచ్చాయి. అత్త నా ముఖానికి తువ్వాలు చుట్టింది. కాకులకు ఆపాటి వేషాలు లెక్కలేదు. తువ్వాలు లోపల ఉక్కపోత, కడుపులో ఆకలి, పక్కన అమ్మ వెక్కిళ్లు. నాకు విసుగు నషాళానికెక్కింది. తువ్వాలు లాగి పారేసి, మిద్దె నడుమకు పోయి, కాకులకు వీపు పెట్టి నిలబడ్డాను.

"కొట్టు. ఎంత కొడతవో కొట్టు. కొట్టినంక తిను. మా అమ్మను ఏడిపియ్యకు."

రెక్కల చప్పుడు వినపడింది. నడినెత్తిన టక్కుమని ఒక్కటి పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగి చూసేసరికి ఆ కాకి పిట్టగోడ మీద కూర్చుని ఉంది. మటన్ వైపు చూడలేదు. సాసర్‌లో ముక్కు ముంచి, తలెత్తి మింగి, మళ్లీ ముంచింది.

అమ్మ ఏడుపు ఆగిపోయింది. తర్వాత ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఏడాది తర్వాత ఆ నవ్వు వినడం.

"చూసినవా వదినా? ముందు దాన్ని మొట్టిండు. తర్వాత కూసున్నడు."

"మా తమ్ముడే" అంది అత్త.

"అది కాకి, అమ్మా" అన్నాడు నవీన్.

"నువ్వు సిగరెట్ ముచ్చట చెప్పు ముందుగాల" అంది అమ్మ.

ఆ దెబ్బ మూడు రోజులు సలిపింది. అమ్మ కొబ్బరినూనె రాస్తానంది. వద్దన్నాను.

ఇప్పుడు ఆ హెల్మెట్ మిద్దె మీద కర్రకు తగిలించి, అమ్మ వడియాలకు కాపలా పెట్టింది. కాకులు దాని మీదే కూర్చుని వడియాలు తింటున్నాయి. కాబట్టి నేను తార్నాక చౌరస్తా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒక దేశపు పిట్టకు కట్టిన ముళ్లు ఇంకో దేశపు పిట్టకు కట్టను. యాదగిరి వెనక గేటంటే వెనక గేటే. అత్తకిచ్చిన పెళ్లి మాట ఆకలి మీద ఇచ్చింది, అది చెల్లదు. పిట్టకు పెట్టే నాడు మాత్రం నెత్తి మీద ఏమీ లేకుండా, పుస్తకం మూసి, అందరికంటే ముందు నేనే నిలబడతాను. మొట్టేవాళ్లు మొట్టి కూర్చోవచ్చు.