మంగమారిపేట సముద్రంలో రాతి గుమ్మం

మా అత్తమ్మకు ఈమధ్య మతిమరుపు మొదలైంది. దాంతో ఆవిడ ఏం చెప్పినా ఇంట్లో నమ్మడం మానేశారు. "మా ఊరి సంద్రంలో రాతి గుమ్మం ఉంది. దాని కిందనించి నడిసి ఎల్లీవోళ్ళం," అంటే, చివరికి మా ఆయన కూడా నవ్వేశారు. ఆ తర్వాత ఆవిడ మాటలు తగ్గించేసింది. అది చూడలేక టికెట్లు తీయించాను.

జంషెడ్‌పూర్‌లో మేముండే భుయ్యాడీహ్ నుంచి ఆటోలో టాటానగర్ స్టేషన్‌కు వచ్చి సాయంత్రం బండి ఎక్కాం. అత్తమ్మ, నేను, కాలేజీలో చదివే మా అమ్మాయి పూజ. రాత్రికి ఇంటి చపాతీలూ బంగాళాదుంప కూరా. ఎదుటి బెర్తులో పలాస పెద్దాయన, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. జంషెడ్‌పూర్‌లోనే కాపురమంతా చేసిన అత్తమ్మ తడుముకోకుండా "మంగమారిపేట" అంది.

ఉదయం విశాఖపట్నంలో దిగి, ఇడ్లీలు తిని, భీమిలి బస్సెక్కాం. తొమ్మిది దాటాక మంగమారిపేటలో దిగాం. ఒడ్డు పొడవునా నల్లబండలు. ఉప్పుగాలికి అరిగి కొన్ని తేనెపట్టులా తొర్రలు పడ్డాయి, కొన్ని కత్తి అంచులా తేలాయి. గుమ్మం మాత్రం కనబడలేదు.

"నానమ్మా, యహా తో కుచ్ నహీ హై," అంది పూజ, ఇక్కడేమీ లేదని.

అత్తమ్మ నీళ్ళకేసి చూసింది. "పోటు మీదుంది. తియ్యనీ," అని ఇసుకలో కూర్చుంది.

ఎండ ఎక్కింది. మజ్జిగ తాగాం. నాకు లోపల భయంగానే ఉంది. ఇది కూడా అబద్ధమైతే ఆవిడ ఇక నోరు విప్పదు.

మధ్యాహ్నానికి నీరు వెనక్కి జరిగింది. ముందు ఒక బండ వీపు బయటపడింది. దాని కింద సన్నగా వెలుతురు. చూస్తుండగానే ఆ వెలుతురు పెరిగి, రెండు రాతికాళ్ళ మీద వంగి నిలబడ్డ గుమ్మమైంది. అలలు దానిలోంచి వచ్చి పోతున్నాయి.

అత్తమ్మ చీర పైకి దోపుకుని పూజ చెయ్యి పట్టుకుంది. "పాసి మీద కాలెట్టకు, జారిపోతావు. గరుకు సూసుకుని ఎట్టు."

పిక్కల్లోతు నీళ్ళలో ముగ్గురం గుమ్మం కింద నిలబడ్డాం. తలపైన రాయి చల్లగా, తుప్పురంగు చారలతో ఉంది. అత్తమ్మ చెయ్యి చాచి ఒక తొర్రలో వేళ్ళు పెట్టింది.

"నాను సెప్పినానా, నేదా?"

"చెప్పావు నానమ్మా," అంది పూజ. తెలుగులోనే అంది.

వెళ్ళేవాళ్ళు పోటు తీసే వేళ ఎప్పుడో జాలర్లను అడిగి వెళ్ళండి. జారని చెప్పులు, మంచినీళ్ళు తీసుకెళ్ళండి. నీరు మళ్ళీ పెరిగేలోపు ఒడ్డుకు వచ్చేయండి.

తిరుగు బండిలో ఒళ్ళంతా ఉప్పు, కాళ్ళు పీకుతున్నాయి. అయినా ఇంత గర్వంగా నేనెప్పుడూ ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు. విజయనగరం దాటాక మా ఆయన ఫోన్ చేశారు. పూజ పంపిన ఫోటోలు చూశారట. ఫోన్ అమ్మకిమ్మంటే స్పీకర్ పెట్టి ఇచ్చాను.

"నన్ను కూడా తీసుకెళ్తావేటమ్మా?"

"సెలవెట్టుకో," అంది అత్తమ్మ. "దారి నాను సూపిత్తాను."