శాంతమ్మ మీద నేను రాసిన ఉత్తరం

తొమ్మిదేళ్లుగా ఒక పాపాన్ని గుండెల మీద మోస్తున్నాను. మోయగా మోయగా బరువు అలవాటైపోతుందంటారు. నాకు కాలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొచ్చినట్టు అనిపిస్తే నమ్మకండి. ఆ విద్యలో నేను ఆరితేరినవాణ్ణి.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో ఆబిడ్స్‌లో అమెరికా మిషను వాళ్ల బడిలో తెలుగు పంతులుగా ఉండేవాణ్ణి. మా ఇల్లు నాంపల్లి స్టేషను వెనక సందులో. ఇంట్లో అమ్మ, నేను, చెల్లెలు కమల. కమలకు పదిహేనో ఏట పెళ్లయింది. పదిహేడో ఏట భర్త పోయాడు. నేను చెప్పే రోజులకు దానికి ఇరవై రెండేళ్లు.

బడి నడిపేది ఎలెన్ దొరసాని. శనివారం మధ్యాహ్నాలు పెద్దాడవాళ్లకని ఒక క్లాసు పెట్టింది. మొదటి గంట అక్షరాలు. అవి నేర్పేది శాంతమ్మ, మెదక్ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ టీచరు. రెండో గంట దొరసాని తన దేశపు సంగతులు ఇంగ్లీషులో చెప్పేది. పక్కన నిలబడి నేను తెలుగులో వినిపించేవాణ్ణి. కమలను ఆ క్లాసుకు తీసుకుపోయింది నేనే. ఇంట్లో గోడకానుకుని కూర్చునే పిల్లను చూడలేక.

ఆమె దేశానికి మొదట్లో సముద్రం దాటి వచ్చినవాళ్లు అడవి కొట్టి చర్చి కట్టుకున్నారట, దాని పక్కనే బడి. దేవుడి మాట ఎవరికి వారే చదువుకోవాలని. పాదిరీలను తయారు చేయడానికి పెట్టిన చిన్న బళ్లే కొన్ని తర్వాత పెద్ద కాలేజీలయ్యాయట. నేను తెలుగులో చెప్తూనే ప్రతి మాట కిందా మతంలోకి లాగే గాలం కోసం వెతికేవాణ్ణి. ఒక శనివారం ఆమె తన దేశంలోని నల్లజాతి బానిసల సంగతి ఎత్తింది. వాళ్లకు చదువు చెప్పడం కొన్ని రాష్ట్రాల్లో నేరమట. బైబిలు పట్టుకునే ఆ బానిసత్వాన్ని సమర్థించిన పాదిరీలున్నారట. అదే బైబిలుతో చాటుమాటుగా అక్షరాలు దిద్దించినవాళ్లూ ఉన్నారట. బానిసత్వం పోయాక ఆ దేశపు ఉత్తరాది చర్చిల ఆడవాళ్లు వెళ్లి బళ్లు తెరిస్తే, ముసలమ్మలు మనవరాళ్ల పక్కన అదే బల్ల మీద కూర్చుని చదివారట.

నా అనుమానం ఇంకా పెరిగింది. తన దేశపు సిగ్గును తనే ఎందుకు బయటపెడుతుంది? బేగం బజార్‌లో బస్తా విప్పి పుచ్చు తనే చూపించే సేటు దగ్గరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని మా నాన్న అనేవాడు.

ఆ సాయంత్రం కమలా నేనూ ఇంటికి నడుస్తున్నాం. సందు మలుపులో కమల అంది: “వాళ్లకు చదువొద్దని చట్టం జేసిన్రట అన్నా. మనకు చట్టం గూడ అక్కర్లేకపాయె.”

అప్పటి నుంచి కమల మారింది. శాంతమ్మతో గుసగుసలు. క్లాసు నుంచి ఆలస్యంగా రావడం. నన్ను చూస్తే మాట ఆపేయడం. ఒకరోజు అది లేనప్పుడు దాని పెట్టె వెతికాను. పలక, రెండు వాచకాలు, పాత చీరలు. శిలువ లేదు, బైబిలు లేదు. ఏమీ దొరక్కపోవడమే నాకు పెద్ద రుజువైంది. అంత జాగ్రత్తగా దాచారంటే ఎంత దూరం వెళ్లి ఉంటారో!

మర్నాడు బడి వరండాలో శాంతమ్మను ఆపాను.

“కమలను మీ మతంల కలుపుకుంటున్నరా? నిజం చెప్పు.”

మా ఇద్దరిదీ ఒకటే వయసు. నేను ‘నువ్వు’ అనేవాణ్ణి, ఆమె ‘మీరు’ అనేది.

“లేదు పంతులుగారూ. ప్రార్థనకు రాకున్నా చదువు చెప్తరా అని ఆమెనే అడిగింది. దొరసాని చెప్తమన్నది. జూన్ల టీచర్ ట్రైనింగుకు తోలుతున్నం. హాస్టల్ల ఉండాలె. మీరు ఆపుతరని భయపడి చెప్తలేదు. చెప్పమని నేనే అంటున్న.”

“ఊరికెనే ఎందుకు చెప్తరు? మీకేం లాభం?”

ఆమె నొచ్చుకోలేదు. “మా అవ్వ మా ఊరి బడి బయట నిలబడి పాఠాలు వినేదట. లోపలికి రానియ్యలే. నన్ను లోపలికి రానిచ్చింది వీళ్లు. నాకు దొరికింది ఇంకొకరికి దొరకాలె. గంతే పంతులుగారూ.”

ఇప్పుడు అసలు మాట చెప్పాలి. నేను ఆమెను నమ్మాను. ఒక్క అక్షరం కూడా అనుమానించలేదు. చెల్లెలి మతం పోతుందన్న భయంతో చేశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ భయం ఆ వరండాలోనే తీరిపోయింది.

మరి ఎందుకు చేశాను? నేను ట్రైనింగు లేని పంతుల్ని, రేపు చెల్లెలు ట్రైనింగయి వచ్చి అదే బడిలో నాకంటే పైన కూర్చుంటుందనా? అమ్మను చూసుకునేదెవరనా? తోడబుట్టినవాణ్ణి నాకు భయపడి, ఎవరో పరాయి మనిషికి మనసు విప్పిందన్న కోపమా? ఎన్నిసార్లు జల్లించినా ఏదీ పూర్తిగా నిజమనిపించదు, ఏదీ పూర్తిగా అబద్ధమనిపించదు.

స్టేషను ఎదుటి హోటల్లో కూర్చుని, చేతిరాత మార్చి, ఉర్దూలో నిజాం సర్కారు విద్యాశాఖ దఫ్తరుకు ఆకాశరామన్న ఉత్తరం రాశాను. శాంతమ్మ అనే టీచరు ఉద్యోగం ఆశ చూపి హిందూ వితంతువులకు బాప్తిస్మం ఇప్పిస్తోందని. చాయ్ చల్లారకముందే రాయడం అయిపోయింది.

రెండు వారాలకు బళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. దొరసానికి ఉర్దూ రాదు, ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. నన్ను పిలిచారు. ఆయన ఒక్కొక్క వాక్యం చదివాడు. నా ఉత్తరాన్ని నేనే ఇంగ్లీషు చేసి దొరసానికి వినిపించాను. శాంతమ్మ గోడ పక్కన నిలబడి ఉంది. నేను ఒక్కచోట కూడా తడబడలేదు.

విచారణలో ఏమీ తేలలేదు. కానీ బడి పెద్దలు భయపడ్డారు. శనివారం క్లాసు మూసేశారు. కమల ట్రైనింగు ఆపేశారు. దొరసాని ఎంత వాదించినా వినకుండా శాంతమ్మను ఎక్కడో దూరపు పల్లె బడికి పంపేశారు.

కమల కారణమడిగింది. “నువ్వు మతం మారవని తెలిసింది గదా, ఇడిసిపెట్టిన్రు” అన్నాను. ఉత్తరం కంటే ఈ మాటే పెద్ద పాపమేమో. కమల నమ్మింది. శాంతమ్మ పేరెత్తితే మొహం తిప్పుకునేది.

రెండేళ్లకు శాంతమ్మ మా ఇంటికొచ్చింది. కమల లోపల బియ్యం ఏరుతోంది. నేను గడపలో నిలబడి “ఇంట్ల లేదు” అన్నాను. లోపల చేట చప్పుడు ఇద్దరికీ వినిపిస్తోంది. ఆమె నా మొహం వంక చూసి, “చదువు ఇడిసిపెట్టొద్దని చెప్పున్రి” అని వెళ్లిపోయింది. ఆమెకు తెలుసా? తెలిసే వచ్చిందా? అప్పటి నుంచి ఎవరు నన్ను తేరిపార చూసినా వీళ్లకూ తెలిసిపోయిందనే అనుకుంటాను.

నిన్న పక్కింటావిడ కూతుర్ని ఆ బడిలో వెయ్యనా అని కమలను అడిగింది. “వాళ్లను నమ్మకు వదినా. ఆశ పెట్టి ఇడిసిపెడ్తరు” అంది కమల. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. నేను పేపరు చదువుతున్నాను. అక్షరాలు కనపడలేదు. నా అబద్ధం తొమ్మిదేళ్ల తర్వాత ఇంకో పిల్ల చదువు మీద పడింది.

“కమలా, ఆ ఉత్తరం రాసింది నేనే” అన్నాను. మొదట దానికి ఏ ఉత్తరమో తెలియలేదు. అన్నీ చెప్పాను, వరండా, హోటలు, గడప. అది ఏడవలేదు, తిట్టలేదు. ఒకే మాట అడిగింది.

“శాంతమ్మ ఏడుంటదో ఎరికేనా?”

తెలియదన్నాను. ఆ రోజు గడపలో అడగలేదు కదా.

కమల చెప్పులేసుకుంది. ముందు పక్కింటికి వెళ్లింది. అక్కడి నుంచి నా వైపు చూడకుండానే శాంతమ్మ ఊరి పేరు కనుక్కోవడానికి ఆబిడ్స్ దారి పట్టింది. తిరిగి వచ్చాక కూడా నాతో మాట్లాడలేదు. మాట్లాడుతుందని నేను ఎదురుచూడటం లేదు. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. చేసింది నేనేనని నా నోటి నుంచే నేను విన్నాను. నాకు దక్కింది అంతే. దానికే గుండెల మీద బరువు కాస్త సడలింది.